వంకర కాయ ఎవరి వంటింటికి?

(వార్షిక సమావేశంలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)





జకాత్ వసూళ్లు, పిల్లల చదువులకిచ్చిన సాయం, ఆసుపత్రి ఖర్చుల లెక్కలు కార్యదర్శి గారు చదివి వినిపించారు. వాటిని మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోం. మేము మాట్లాడబోయేది కూరగాయల గురించి. ఇంత పెద్ద సభలో టమాటాల ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ ఏడాది కమిటీలో అన్నిటికంటే ఎక్కువసేపు వాదన జరిగింది దాని మీదే. ఆ వాదన మీ ముందు పెట్టాలి. ఎందుకంటే అది మీరిచ్చే డబ్బుకు సంబంధించినది, ఆ డబ్బుతో కొన్న వస్తువు అందుకునేవాళ్ల గౌరవానికి సంబంధించినది.

వచ్చిన ప్రతిపాదన ఇది. మార్కెట్‌లో రెండో రకం, మూడో రకం కూరగాయలు చవగ్గా దొరుకుతాయి. వంకర తిరిగినవి, మచ్చ పడినవి, మరీ చిన్నవి, మరీ పెద్దవి. తినడానికి ఏ లోపమూ లేదు, చూడ్డానికే బాగుండవు. వాటిని కొని రంజాన్ కిట్లలో పెడితే అదే డబ్బుతో మరికొన్ని కుటుంబాలకు ఇవ్వొచ్చు, పైగా పారేసే సరుకు వృథా కాకుండా ఆపినట్టూ అవుతుంది. వినగానే అందరికీ నచ్చింది. తర్వాత ఒక పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "మన ఇళ్లకు అవి కొంటున్నామా?"

ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాం. ముందు ఈ రకాల సంగతి చూద్దాం.

మదనపల్లె టమాటా మార్కెట్ ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరు. జిల్లాల గీతలు మారినా మనకది ఇంకా చిత్తూరు టమాటాయే. గుర్రంకొండ, కలికిరి, వాల్మీకిపురం, ములకలచెరువు, పుంగనూరు, పలమనేరు, వి.కోట, ఎటు వెళ్లినా టమాటా పండించే పల్లెలే. కాయ కోసిన తర్వాత జరిగే మొదటి పని ఏరడం. రంగు సమంగా ఉన్నది, గట్టిగా ఉన్నది, ఒకే సైజులో ఉన్నది ఒక క్రేట్‌లోకి. మిగిలినవి వేరే క్రేట్‌లోకి. దూరపు రాష్ట్రాలకు లారీ ఎక్కే సరుకు గట్టిగా ఉండక తప్పదు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పక్కనున్న తిరుపతికి, చిత్తూరుకు వచ్చే కాయకు కూడా అదే అందాల పోటీ పెట్టడం ఎందుకు?

కాయకు ఆ మచ్చలు ఎలా వస్తాయో తెలిస్తే మన చూపు కొంత మారుతుంది. ఎండిన నేల మీద ఒక్కసారిగా వాన పడితే కాయలోకి నీరు వేగంగా చేరి తోలు చిట్లుతుంది. చెట్టు మీద ఆకు తగ్గితే ఎండ నేరుగా తగిలిన వైపు తెల్లబారుతుంది. పూత దశలో చలి ఎక్కువైతే కాయ అడుగు భాగం ముడతలు పడి వంకర తిరుగుతుంది. మామిడి కోసేటప్పుడు తొడిమ దగ్గర నుంచి సొన కారితే తోలు మీద నల్లటి చార పడుతుంది, గాలికి కొమ్మ రాసుకుంటే గీత పడుతుంది. ఇవేవీ రైతు చేసిన తప్పులు కావు, లోపలి గుజ్జు రుచికి వీటితో పని లేదు. మచ్చ లేకుండా పసుపు పచ్చగా మెరిసే పండు మాటకొస్తే, కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధం. అయినా ప్రతి వేసవిలోనూ అధికారులు తనిఖీలకు దిగాల్సి వస్తోంది. అందమైన తోలు దేనికీ హామీ కాదు.

పంట కోత తర్వాత ఎంత పోతోందో ప్రభుత్వ సంస్థలే లెక్క కట్టాయి. 2015లో లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో టమాటా నష్టం 12.44 శాతం, మామిడి నష్టం 9.16 శాతం అని తేలింది. 2022లో నాబ్‌కాన్స్ సంస్థ వేసిన అంచనాలో కూరగాయల నష్టం రకాన్ని బట్టి 4.87 నుంచి 11.61 శాతం వరకు ఉంది. ఇందులో అంతా వంకర కాయలే అనుకోవద్దు. రవాణాలో నలిగినవి, ఎండకు మెత్తబడినవి, కుళ్లినవి అన్నీ ఉన్నాయి. రెండో రకం కాయల్లో కూడా అన్నీ చెత్తకుప్పకు పోవు. హోటళ్లు కొంటాయి, పచ్చళ్ల వాళ్లు కొంటారు. మన తోతాపురి మామిడైతే ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీకే పోతుంది, అక్కడ తోలు అందం ఎవరూ చూడరు. పోయేది ఎప్పుడంటే, రెండో రకం ధర కోత కూలికి, బండి బాడుగకు కూడా చాలనప్పుడు. అప్పుడు రైతు కాయను చెట్టుకే వదిలేస్తాడు, లేదంటే గొర్రెల్ని తోలుకుంటాడు. ఆ కాయ కోసం పోసిన నీళ్లు, బోరుకు చేసిన అప్పు, వేసిన మందు అన్నీ దానితోపాటే మట్టిలో కలుస్తాయి. వేయి అడుగుల లోతుకు బోరు వేసి నీళ్లు పడక మళ్లీ వేసిన కథలు ఈ సభలో చాలామంది ఇళ్లలోనే ఉన్నాయి.

ఇప్పుడు కొత్తగా వచ్చిన సంగతి ఇంటికి సరుకు తెచ్చే యాప్‌లు. తిరుపతిలో ఫోన్ మీద వేలు పెడితే అరకిలో బెండకాయలు గుమ్మం ముందుకొస్తున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు, పసిబిడ్డల తల్లులకు అది నిజంగా మేలే, ఆ సౌకర్యాన్ని మేము తిట్టబోవడం లేదు. అయితే చేత్తో ఎంచుకునే వీలు లేనప్పుడు మనం ఫోటో చూసి కొంటాం. వచ్చిన కాయ ఫోటోలా లేకపోతే మనమూ ఒక ఫోటో తీసి పంపి డబ్బు వాపసు అడుగుతాం. అలాంటి వాపసులు పెరిగితే కంపెనీ తన కొనుగోలు కేంద్రంలో సైజు, రంగు నిబంధనలు బిగిస్తుంది. అక్కడ తిప్పి పంపిన కాయలతో రైతు మళ్లీ మండీకి పోవాలి, రెండోసారి బాడుగ కట్టాలి. బండి దగ్గర నిలబడి ఒక్కో కాయ నొక్కి చూసే మన పాత అలవాటు మంచిదని కాదు గానీ, అక్కడ కనీసం "అన్నా, ఈ మెత్తవి వేరే ధరకు వేసియ్యి" అని అడిగే వీలుండేది.

బయటి దేశాల్లో దీన్నే వ్యాపారంగా మలిచారు. యూరప్‌లో ఒకప్పుడు కీరా దోసకాయ ఎంత వంపు తిరగొచ్చో కూడా చట్టం ఉండేది. 2009లో 26 రకాల పండ్లు, కూరగాయలకు ఆ కొలతలు ఎత్తేశారు. 2014లో ఫ్రాన్స్‌లో ఇంటర్‌మార్షే అనే దుకాణాల సంస్థ వంకర కూరగాయలను 30 శాతం తగ్గింపుతో విడిగా పెట్టి అమ్మింది. జనం ఎగబడి కొన్నారు. అమెరికాలో 2015లో మొదలైన ఇంపర్ఫెక్ట్ ప్రొడ్యూస్, 2018లో మొదలైన మిస్‌ఫిట్స్ మార్కెట్ అలాంటి కాయలను పెట్టెల్లో సర్ది ఇళ్లకు పంపడమే పనిగా పెట్టుకున్నాయి. 2022లో అవి రెండూ కలిసిపోయాయి. వాటి మీద ఒక విమర్శ కూడా వచ్చింది. పేదల అన్నదాన కేంద్రాలకు చేరాల్సిన సరుకును డబ్బున్న వాళ్ల ఇళ్లకు మళ్లిస్తున్నారు కదా అని. ఆ విమర్శ తేలిగ్గా తీసేయాల్సింది కాదు. మన కమిటీలో వచ్చిన వాదనే అక్కడా వచ్చింది: వంకర కాయ మీద మొదటి హక్కు ఎవరిది?

ఇక ఆ పెద్దాయన ప్రశ్న దగ్గరికి వద్దాం.

మదీనాలో ఖర్జూరం కోతకు వచ్చే రోజుల్లో అన్సారులు తమ తోటల నుంచి గెలలు తెచ్చి మస్జిదులో వేలాడదీసేవారు. ఆకలితో ఉన్న పేద సహాబాలు వచ్చి వాటిలోంచి కోసుకు తినేవారు. కొందరు మాత్రం ఎండి రాలిపోయే గెల, విరిగిన గెల తెచ్చి కట్టేవారు. ఆ సందర్భంలోనే బఖరా సూరాలోని 267వ ఆయతు అవతరించిందని హదీసు గ్రంథాల్లో ఉంది. మీకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోలేని వస్తువును ఏరి మరీ దానం చేయవద్దని ఆ ఆయతు సారాంశం. ఉలమాలు దీన్ని మనకంటే బాగా వివరిస్తారు. మాకు అర్థమైనంత వరకు ఆ ఆయతు కాయ ఆకారాన్ని కొలవడం లేదు. ఇచ్చేవాడి మనసును కొలుస్తోంది. అదే వంకర వంకాయ నేను డబ్బిచ్చి కొని నా ఇంట్లో వండుకుంటే, దాన్ని కిట్‌లో పెట్టడంలో దోషం లేదు. నా ఇంటికి మెరిసే కాయ తెప్పించుకుని, మచ్చల కాయను వితంతువు ఇంటికి పంపితే, చవక అనే మాట నన్ను కాపాడదు.

అందుకని కమిటీ తీసుకున్న నిర్ణయం వచ్చిన ప్రతిపాదనకు తలకిందులుగా ఉంది. వంకర కాయలు ముందు దాతల ఇళ్లకు. కిట్లకు ఇప్పటిలాగే మొదటి రకం సరుకే. దాతలు సగం మందైనా ఒక ఏడాదిపాటు వాటిని తమ వంటింట్లో వాడిన తర్వాత, కిట్ల సంగతి మళ్లీ మాట్లాడదాం.

ఒక్క చోట మాత్రం మినహాయింపు పెట్టాం, మన ఇఫ్తార్ వంటశాల. అక్కడ ఒకే దేగ్చాలో ఉడికిన గంజి, ఒకే పళ్లెంలో పెట్టిన పండు దాతా తింటాడు, ఆటో అన్నా తింటాడు, దారిన పోయేవాడూ తింటాడు. దస్తర్‌ఖాన్ ఒక్కటే. గంజిలోకి తరిగిన క్యారెట్ రెండు కాళ్లతో పెరిగిందా, ఒంటి కాలితో పెరిగిందా అని రోజా విడిచేవేళ ఎవరు చూస్తారు? పెళ్లి దావత్‌లకూ ఇదే వర్తిస్తుంది. దాల్చాలోకి సొరకాయ, బిర్యానీలోకి టమాటా, ఖట్టాలోకి వంకాయ అన్నీ ముక్కలయ్యేవే. ఈ వేదిక ముందున్న పెద్దలు తమ ఇంటి వలీమాకు వంట మాస్టర్‌తో "కూరగాయలు రెండో రకం తెండి, చెడినవి మాత్రం వద్దు" అని ఒక్క మాట చెబితే ఎన్నో క్రేట్లకు గిరాకీ పుడుతుంది. వలీమా మాట ఎత్తాం కాబట్టి ఇంకొకటి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో అరవై శాతం ఇళ్లలోనే. వంకర క్యారెట్ కొని, పళ్లెంలో సగం బిర్యానీ వదిలేసి లేచేవాళ్లకు ఈ ప్రసంగం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. కింద పడిన ముద్దను కూడా దులిపి తినమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉమ్మత్ మనది. ఆయన ఎన్నడూ అన్నానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకపోతే ఊరికే ఉండేవారని అబూ హురైరా (రజి) చెప్పారు.

అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. మన మొహల్లాల్లో తోపుడు బండి మీద పండ్లు, కూరగాయలు అమ్ముకుని బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. మరి ఆ తడి ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, మోసం చేసేవాడు మనవాడు కాడన్నారు. తడి ధాన్యం అమ్మవద్దని ఆయన అనలేదన్నది గమనించండి. దాచి అమ్మవద్దన్నారు. కాబట్టి రెండో రకాన్ని మొదటి రకం కింద దాచి తూచడం మాని, పక్కన వేరే గంపలో పెట్టి వేరే ధర చెప్పండి. కొనే బాధ్యత మాది. సాయంత్రానికి మిగిలిన సరుకు కుళ్లితే ఆ బండి అన్న మరుసటి రోజు పెట్టుబడికి మళ్లీ వడ్డీకి తేవాలి, ఆ గొలుసు మనందరికీ తెలుసు.

ఇంకో సందేహాన్ని వ్యవసాయం చేసే దాతలే లేవనెత్తారు. వంకర కాయలు కొంటే టమాటా రైతు కష్టం తీరుతుందా? తీరదు. 2023 జులైలో టమాటా వంద దాటి ఎగబాకినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం రైతు బజార్లలో రాయితీ మీద కిలో 50 రూపాయలకు అమ్మింది. అదే ఏడాది సెప్టెంబరు నాటికి ధర కుప్పకూలింది. అలాంటప్పుడు మొదటి రకం కాయే రోడ్డు పక్కన పడుతుంది, వంకర కాయ ఊసెత్తేవాడుండడు. 2025 వేసవిలో తోతాపురికీ అదే జరిగింది. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. కర్ణాటక కాయ మన జిల్లాకు రాకుండా ఆంక్ష పెడితే రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల మధ్య లేఖల దాకా వెళ్లింది. అది గోదాముల, ఫ్యాక్టరీల, ప్రభుత్వాల పని. మన సొసైటీ చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మామూలు రోజుల్లో రెండో రకానికి కోత కూలి గిట్టే ధర పలికేలా చూడడం. ధర పడిపోయిన వారాల్లో మాత్రం ఇంటికి నాలుగైదు కిలోలు ఎక్కువ కొని మన అమ్మమ్మలు, నానీమాలు చేసినట్టే ఒరుగులు ఎండబెట్టుకోవచ్చు, తొక్కు పెట్టుకోవచ్చు. రాయలసీమ ఎండకు కరెంటు బిల్లు రాదు.

ఇక ఏర్పాటు గురించి. మొహల్లాకు ఒక వాట్సాప్ గ్రూపు, దాన్ని మహిళా విభాగం నడుపుతుంది. గురువారం మగ్రిబ్ లోపల ఎవరికి ఎన్ని కిలోలు కావాలో రాయాలి. అన్నీ కలిపి ఒకే ఆర్డరుగా రైతుకు గానీ మండీకి గానీ వెళుతుంది, ఒకే బండిలో సరుకు వస్తుంది. ఇల్లిల్లూ విడివిడిగా తెప్పించుకుంటే బాడుగ చవకదనాన్ని మింగేస్తుంది, అందుకే ఈ పద్ధతి. ధర విషయంలో కమిటీ ఒక గీత గీసింది. కోత కూలి, క్రేట్ ఖర్చు, బాడుగ పోగా రైతు చేతిలో ఏమీ మిగలని ధరకు మనం బేరమాడం. చవగ్గా దొరుకుతోంది కదా అని ఇంకా నొక్కితే, అది వృథా తగ్గించడం కాదు, రైతు అవసరాన్ని వాడుకోవడం.

ఏది తీసుకోవాలి, ఏది వద్దు అన్నది అక్కాచెల్లెళ్లకు మేము నేర్పాల్సిన పని లేదు గానీ, పిల్లల చేత ఏరించే ఇళ్లుంటాయి కాబట్టి చెబుతున్నాం. వంకర, గీత, సొన చార, ఎండ మచ్చ, చిన్న సైజు, ఆరిపోయిన పాత పగులు, ఇవన్నీ తీసుకోవచ్చు. పచ్చిగా ఉన్న పగులుతో వచ్చిన టమాటా అదే రోజు వండేయాలి. బూజు పట్టిన టమాటాను ఆ మేరకు కోసేసి వాడొద్దు, మెత్తటి కాయలో బూజు కంటికి కనబడని లోతుకు పోతుంది. ఆకుపచ్చగా మారిన ఉర్లగడ్డ అస్సలు వద్దు, అందులో విషపదార్థం పెరుగుతుంది. పులిసిన వాసన వచ్చే పండు మేకలకు.

మొదటి విడత రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలో తెప్పిస్తున్నాం. టమాటా, వంకాయ, క్యారెట్, సొరకాయ, ఈ నాలుగే. కమిటీ సభ్యులందరూ తమ ఇళ్లకు పేర్లు రాశారు, ఆ జాబితా బయట బల్ల మీద ఉంది. అందులో ముందుగా ఉన్న పేరు ఆ ప్రశ్న వేసిన పెద్దాయనదే, పది కిలోలు రాశారు. మీ పేర్లు దాని కింద రాయండి. సరుకు శుక్రవారం జుమా తర్వాత పంచుతాం, సంచులు మీరే తెచ్చుకోవాలి.